సర్వర్ పడిపోయినా ఐపీ నిలబడాలి: రెండు సర్వర్ల క్లస్టర్‌కి అడ్రసులు పెట్టుకునే పద్ధతి

ఒక సర్వర్ పోతే రెండోది అందుకోవాలి. చెప్పడానికి ఇంతే. కానీ చాలా చోట్ల నేను చూసింది వేరు. రెండో సర్వర్ బాగానే ఉంటుంది, సర్వీసు నడుస్తూనే ఉంటుంది, ఐపీ కూడా దాని మీదికి వచ్చేస్తుంది. అయినా యూజర్లకి సైటు తెరుచుకోదు. ఆ ఐపీ చేతులు మారిన సంగతి గేట్‌వేకి (నెట్‌వర్క్ బయటికి దారి చూపే రూటర్‌కి) తెలియకపోవడమే కారణం. హై అవైలబిలిటీలో, అంటే సర్వీసు ఆగకుండా చూసుకోవడంలో, సగం పని అడ్రసుల దగ్గరే ఉంటుంది. దాన్ని చివర్లో చూసుకుందాంలే అని వదిలేస్తే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

ఇక్కడ ఒక మామూలు సెటప్ తీసుకుందాం. రెండు లినక్స్ సర్వర్లు, వాటి మీద హెచ్‌ఏప్రాక్సీ (యూజర్ల రిక్వెస్టులు అందుకుని వెనక సర్వర్లకి పంచే ప్రోగ్రాం), రెండింటి మధ్య తిరిగే ఒక వర్చువల్ ఐపీ, దాన్ని తిప్పడానికి కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రాం. ఆ వర్చువల్ ఐపీని ఆఫీసుల్లో అందరూ వీఐపీ అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

ముందు కాగితం మీద

సర్వర్‌లోకి లాగిన్ అవ్వకముందే ఒక షీట్ తెరవండి. మన ఉదాహరణకి 10.20.30.0/24 అనే సబ్‌నెట్ (ఒకే నెట్‌వర్క్‌లోని అడ్రసుల గుంపు) ఇచ్చారనుకుందాం. అందులో ఇలా రాసుకోండి:

గేట్‌వే: 10.20.30.1
వీఐపీ: 10.20.30.10
మొదటి సర్వర్: 10.20.30.11
రెండో సర్వర్: 10.20.30.12
సర్వర్ల మేనేజ్‌మెంట్ పోర్టులు (ఐలో, ఐడ్రాక్ లాంటివి): 10.20.99.11, 10.20.99.12

ఒక సర్వీసుకి కనీసం మూడు ఐపీలు కావాలి: ఇద్దరికి చెరొకటి, తిరిగేది ఒకటి. సర్వర్‌కి తన సొంత ఐపీ ఎప్పుడూ తన దగ్గరే ఉండాలి. వీఐపీ పక్క సర్వర్‌కి వెళ్లిపోయాక కూడా మీరు లాగిన్ అవ్వాలన్నా, మానిటరింగ్ చూడాలన్నా దారి అదే. మేనేజ్‌మెంట్ పోర్టులు వేరే నెట్‌వర్క్‌లో ఉండాలని ఎందుకంటున్నానంటే, సర్వర్ బిగుసుకుపోయినప్పుడు దాని పవర్ ఆపి మళ్లీ వేయగలిగే చివరి తాడు అదే. ఆ తాడు కూడా అదే స్విచ్‌కి కట్టేస్తే లాభం లేదు.

ఇప్పుడు డీహెచ్‌సీపీ (మెషీన్లకి ఐపీలు దానంతటదే పంచే సర్వీసు) చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి ఈ అడ్రసులన్నీ అది పంచే పూల్ బయట ఉన్నాయో లేదో అడగండి. నోటిమాట చాలదు, స్క్రీన్ మీద చూడండి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఈ ఒక్క మెట్టు దాటేశాం. సర్వర్ల ఐపీలకి రిజర్వేషన్ అడిగాం, వీఐపీ ఏ మెషీన్‌దీ కాదు కదా అని దాన్ని మరిచిపోయాం. నెలలు గడిచాయి. ఒక శనివారం కొత్త సీసీ కెమెరా పెట్టారు, దానికి డీహెచ్‌సీపీ మా వీఐపీనే ఇచ్చేసింది. సైటు కాసేపు వస్తుంది, కాసేపు రాదు. సర్వర్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. చివరికి గేట్‌వే మీద ఆర్ప్ టేబుల్ (ఏ ఐపీ ఏ నెట్‌వర్క్ కార్డుదో రాసుకునే పట్టిక) తీసి చూస్తే, వీఐపీ పక్కన మాకు తెలియని మ్యాక్ అడ్రస్ (కార్డుకి ఉండే సొంత నంబరు) కనిపించింది. అప్పటికి మూడు గంటలు పోయాయి.

పూల్ బయట ఉన్నా సరే, ఆ ఐపీని ఎవరైనా చేత్తో పెట్టుకుని ఉండొచ్చు. పింగ్ చేసి జవాబు రాలేదు కాబట్టి ఖాళీ అనుకోకండి. ఫైర్‌వాల్ ఉన్న విండోస్ మెషీన్ పింగ్‌కి పలకదు గానీ ఆర్ప్‌కి పలుకుతుంది. అందుకే ఆర్పింగ్ అనే టూల్‌ని డూప్లికేట్ చెక్ ఆప్షన్‌తో అదే సబ్‌నెట్‌లో ఉన్న మెషీన్ నుంచి నడపండి. ఎవరూ పలక్కపోతేనే ఆ ఐపీ మీది.

డీఎన్‌ఎస్‌లో సైటు పేరుని వీఐపీకి కట్టండి. సర్వర్ల సొంత పేర్లు సొంత ఐపీలకి కట్టండి. రెండు సర్వర్ల పేర్లూ ఒకదాని హోస్ట్స్ ఫైల్లో ఒకటి రాసిపెట్టండి, డీఎన్‌ఎస్ పడిపోయిన రోజు క్లస్టర్ కూడా పడిపోకూడదు. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు ఒకటి గమనించాలి: ఇన్‌స్టాల్ చేసేటప్పుడే సర్వర్ పేరుకి 127.0.1.1 అని హోస్ట్స్ ఫైల్లో ఒక లైను పడుతుంది. కోరోసింక్ లాంటి క్లస్టర్ ప్రోగ్రాములు పేరుతో ఐపీ వెతికితే అదే దొరుకుతుంది, పక్క సర్వర్‌తో మాట్లాడలేవు. ఆ లైను తీసేసి అసలు ఐపీ రాయండి.

కేబుళ్లు, సొంత ఐపీలు

ప్రతి సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు వేర్వేరు స్విచ్‌లకి. రెండింటినీ బాండ్ చేసి (ఒకే కార్డులా కలిపి) యాక్టివ్ బ్యాకప్ మోడ్‌లో (ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి సిద్ధంగా ఉండేలా) పెట్టండి, లింక్ చూసే గడువు 100 మిల్లీసెకన్లు. స్పీడు కోసం, రెండు కార్డులనీ ఒకేసారి వాడే ఎల్ఏసీపీ పెడదామని అనిపిస్తుంది. కానీ రెండు స్విచ్‌లు కలిసి ఒకే స్విచ్‌లా నడిచే ఏర్పాటు లేకపోతే అది సరిగ్గా పనిచేయదు. అనుమానం ఉంటే యాక్టివ్ బ్యాకప్‌తోనే ఉండండి.

సొంత ఐపీ స్టాటిక్‌గా పెట్టండి. గేట్‌వే ఒక్కటే, అదీ సర్వీసు నడిచే కార్డు మీద మాత్రమే. మేనేజ్‌మెంట్ కోసం సర్వర్‌లో ఇంకో కార్డు కూడా ఉండి, దాని మీద ఇంకో డిఫాల్ట్ గేట్‌వే రాస్తే, ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌కి జవాబు ఇంకో కార్డులోంచి పోతుంది, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ దాన్ని పారేస్తుంది. మేనేజ్‌మెంట్ వైపు వేరే సబ్‌నెట్లకి దారి కావాలంటే వాటికి మాత్రమే స్టాటిక్ రూట్లు రాయండి.

వీఐపీని మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్క్ ఫైల్లో ఎక్కడా రాయొద్దు, నెట్‌ప్లాన్‌లో అయినా నెట్‌వర్క్ మేనేజర్‌లో అయినా. రాస్తే రీబూట్ అయిన ప్రతిసారీ సర్వర్ దాన్ని తనదే అనుకుని పట్టుకుంటుంది, అప్పటికే పక్క సర్వర్ దగ్గర ఉన్నా సరే. దాన్ని పెట్టేదీ తీసేదీ కీప్‌అలైవ్‌డీ ఒక్కటే కావాలి.

కీప్‌అలైవ్‌డీ ఫైల్లో ఏమేం రాయాలి

కీప్‌అలైవ్‌డీ వాడేది వీఆర్‌ఆర్‌పీ ప్రొటోకాల్. ఇది మొదట రూటర్ల కోసం పుట్టింది, 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2338 అనే ప్రమాణ పత్రంగా వచ్చింది. మాస్టర్ సర్వర్ సెకనుకోసారి 224.0.0.18 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కి (ఒకేసారి చాలామందికి వినిపించేది) "నేనున్నాను" అని చెబుతుంది. ఆ మాట వరసగా వినిపించడం ఆగిపోతే బ్యాకప్ లేస్తుంది. ఎంతసేపటికి లేస్తుందో లెక్క ఉంది: మూడు ఇంటర్వెల్స్, దానికి తోడు 256లోంచి ప్రయారిటీ (ఎవరు మాస్టర్ కావాలో తేల్చే అంకె) తీసేసి 256తో భాగిస్తే వచ్చేది. బ్యాకప్ ప్రయారిటీ 100 అయితే మొత్తం సుమారు 3.6 సెకన్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, పరీక్షలో పనికొస్తుంది.

వర్చువల్ రూటర్ ఐడీ (మీ క్లస్టర్‌ని గుర్తించే నంబరు) 1 నుంచి 255 వరకు ఏదైనా పెట్టొచ్చు. ఇక్కడే ఎక్కువమంది జారేది. శాంపిల్ ఫైల్లో 51 అని ఉంటుంది, పాస్‌వర్డ్ 1111 అని ఉంటుంది. అమీర్‌పేట కోర్సు నోట్సులో రాసుకున్నా, నెట్‌లోంచి కాపీ చేసినా అదే 51. రెండు టీములు ఒకే వీలాన్‌లో (స్విచ్‌లో విడదీసిన ఒక నెట్‌వర్క్‌లో) రెండు క్లస్టర్లు అదే 51తో పెడితే ఒకళ్ల మాటలు ఇంకొకళ్లకి వినిపిస్తాయి. మీ వీఐపీ అవతలివాళ్ల ప్రకటనలో లేదని లాగ్ నిండిపోతుంది, ఎవరు మాస్టరో ఎవరికీ తేలదు. అందుకే టీసీపీడంప్ అనే టూల్‌తో 224.0.0.18కి వెళ్లే ప్యాకెట్లని ఒక నిమిషం వినండి. ఆ వీలాన్‌లో మల్టీకాస్ట్ మీద ఇప్పటికే ఏ ఐడీలు నడుస్తున్నాయో కళ్ల ముందే కనిపిస్తుంది, మీ గేట్‌వే రూటర్లు కూడా వీఆర్‌ఆర్‌పీ వాడుతుంటే వాటివి కూడా. మీ ఐడీని షీట్‌లో వీఐపీ పక్కనే రాయండి. వీఐపీ చివరి అంకెనే ఐడీగా పెట్టుకోవడం నా అలవాటు: 10.20.30.10కి ఐడీ 10. ఒక్క సబ్‌నెట్ ఉన్న వీలాన్‌లో గొడవ రాదు, గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

పాస్‌వర్డ్ గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అది నెట్‌వర్క్‌లో దాచకుండా పోతుంది, మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వస్తాయి. పొరపాటున వేరే క్లస్టర్‌తో కలిసిపోకుండా కాస్త అడ్డుపడుతుంది, దొంగని మాత్రం ఆపదు.

మల్టీకాస్ట్ బదులు యూనికాస్ట్ (ఒకరికే నేరుగా పంపడం) పెట్టుకోవడం నా సలహా. సోర్స్ ఐపీ దగ్గర సొంత ఐపీ, పీర్ దగ్గర పక్క సర్వర్ ఐపీ రాస్తే చాలు. మల్టీకాస్ట్‌ని మధ్యలో మింగేసే స్విచ్‌ల బెడద తప్పుతుంది.

రెండు సర్వర్ల మధ్య నేరుగా ఒక కేబుల్ వేసి, ఈ "నేనున్నాను" మాటని దాని మీద నడపాలని కొందరు చూస్తారు. వద్దు. యూజర్లు వచ్చే దారి తెగిపోయినా ఆ కేబుల్ మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, వీఐపీ కదలదు. యూజర్లు ఏ నెట్‌వర్క్ మీద వస్తారో వీఆర్‌ఆర్‌పీ కూడా దాని మీదే నడవాలి.

ప్రయారిటీ, నోప్రీఎంప్ట్, హెల్త్ చెక్

ఈ మూడూ కలిసి చూడాల్సినవి, విడివిడిగా చూస్తే తప్పు దొరకదు.

మొదటి సర్వర్‌కి ప్రయారిటీ 110, రెండోదానికి 100 ఇవ్వండి. మామూలుగా అయితే మొదటి సర్వర్ పడి లేచిన వెంటనే వీఐపీని మళ్లీ లాక్కుంటుంది. సగం చచ్చి సగం బతికిన సర్వర్ అయితే లేస్తూ పడుతూ వీఐపీని అటూ ఇటూ లాగుతుంది, లాగిన ప్రతిసారీ యూజర్ల కనెక్షన్లు తెగుతాయి. దీన్ని ఆపడానికి నోప్రీఎంప్ట్ అనే మాట రాయాలి. రాస్తే రెండు సర్వర్ల ఫైళ్లలోనూ స్టేట్ బ్యాకప్ అనే ఉండాలి. ఒకదాంట్లో మాస్టర్ అని రాసి నోప్రీఎంప్ట్ పెడితే అది పనిచేయదు.

కీప్‌అలైవ్‌డీ బతికుంటే చాలదు, హెచ్‌ఏప్రాక్సీ బతికుందో లేదో చూసే ట్రాక్ స్క్రిప్ట్ కావాలి. రెండు సెకన్లకోసారి చూడమనండి, వరసగా మూడుసార్లు విఫలమైతేనే పోయినట్టు లెక్క. ఇప్పుడు వెయిట్ సంగతి. వెయిట్ మైనస్ 5 అని పెట్టారనుకోండి: స్క్రిప్ట్ విఫలమైతే 110 కాస్తా 105 అవుతుంది. పక్కవాడిది 100. ఇంకా మీదే ఎక్కువ, వీఐపీ కదలదు, సైటు చచ్చి పడి ఉంటుంది. సరే, మైనస్ 20 పెట్టారు, 90కి దిగింది. నోప్రీఎంప్ట్ లేకపోతే పక్కవాడు లేస్తాడు. కానీ ఇందాక మనం నోప్రీఎంప్ట్ పెట్టాం. ప్రయారిటీ ఎక్కువున్నా మాస్టర్‌ని దించొద్దని దాని అర్థం. పక్కవాడు 100తో చూస్తూ ఊరుకుంటాడు.

అందుకే నోప్రీఎంప్ట్ ఉన్నచోట వెయిట్ రాయకండి. వెయిట్ సున్నాగా ఉంటే, స్క్రిప్ట్ విఫలం కాగానే ఆ సర్వర్ ఫాల్ట్ స్థితిలోకి పోతుంది, పోతూ పోతూ ప్రయారిటీ 0తో "నేను తప్పుకుంటున్నాను" అని చెప్పి వెళ్తుంది. అది వినగానే బ్యాకప్ మూడు సెకన్లు ఆగకుండా 0.6 సెకనులోనే లేస్తుంది. చక్కటి ఏర్పాటు ఇది.

హెచ్‌ఏప్రాక్సీ నేరుగా వీఐపీ మీదే వినేలా రాసుంటే, బ్యాకప్ సర్వర్‌లో అది స్టార్ట్ అవ్వనే అవ్వదు, ఆ ఐపీ ఇంకా అక్కడ లేదు కాబట్టి. రెండు సర్వర్లలోనూ కెర్నెల్ సెట్టింగుల్లో ఐపీ నాన్‌లోకల్ బైండ్‌ని 1 చేసి, రీబూట్ తర్వాత కూడా నిలిచేలా ఫైల్లో రాయండి.

ఊరంతా టముకు

ఇప్పుడు అసలు కిటుకు. వీఐపీ రెండో సర్వర్ మీదికి వచ్చింది. కానీ గేట్‌వే దగ్గరున్న ఆర్ప్ టేబుల్లో 10.20.30.10 పక్కన ఇంకా మొదటి సర్వర్ మ్యాక్ అడ్రసే ఉంది. ప్యాకెట్లు అటే పోతాయి. కొన్ని సిస్కో రూటర్లలో ఈ ఎంట్రీ డిఫాల్ట్‌గా 4 గంటలు ఉంటుంది. నాలుగు గంటలు! అందుకే కొత్త మాస్టర్ లేవగానే "ఈ ఐపీ ఇప్పుడు నా దగ్గరుంది" అని ఎవరూ అడక్కుండానే ఊరంతా టముకు వేయాలి. దాని పేరు గ్రాచుయిటస్ ఆర్ప్. కీప్‌అలైవ్‌డీ మాస్టర్ అయిన వెంటనే ఐదు, మళ్లీ ఐదు సెకన్ల తర్వాత ఇంకో ఐదు పంపుతుంది.

పంపడం సరే, అవతలివాళ్లు వినాలి కదా. వినకపోవడానికి కారణాలు చాలాసార్లు సెక్యూరిటీ సెట్టింగులే. స్విచ్‌లో డైనమిక్ ఆర్ప్ ఇన్‌స్పెక్షన్ ఉంటే, ఏ మ్యాక్‌కి ఏ ఐపీ అన్న జాబితాలో వీఐపీ లేదని ఆ ప్యాకెట్‌ని పారేస్తుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు ఇలాంటి ఆర్ప్‌ని దాడి అనుకుంటాయి. నెట్‌వర్క్ టీముకి వీఐపీతో పాటు రెండు సర్వర్ల మ్యాక్ అడ్రసులూ ఇచ్చి, ఈ ఐపీ ఈ రెండింటి మధ్య తిరుగుతుందని రాతపూర్వకంగా చెప్పండి. అప్పటికీ మొండికేసే గేట్‌వే ఉంటే, కీప్‌అలైవ్‌డీలో గార్ప్ మాస్టర్ రిఫ్రెష్‌ని 60 చేయండి, నిమిషానికోసారి టముకు పడుతూనే ఉంటుంది.

ఫైర్‌వాల్‌లు

వీఆర్‌ఆర్‌పీ టీసీపీ కాదు, యూడీపీ కాదు. దానికి పోర్ట్ నంబర్ ఉండదు, ఐపీ ప్రొటోకాల్ నంబర్ 112 ఉంటుంది. రెండు సర్వర్ల ఫైర్‌వాల్‌లోనూ పక్క సర్వర్ ఐపీ నుంచి 112ని అనుమతించండి. మరిచిపోతే ఎవరి మాట ఎవరికీ వినపడదు, ఇద్దరూ మాస్టర్లు అవుతారు, ఒకే వీఐపీ రెండు చోట్లా కనిపిస్తుంది.

బయటికి పోయే ట్రాఫిక్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. వీఐపీ లోపలికి వచ్చేవాళ్ల కోసం. సర్వర్ తనంతట తాను బయటికి వెళ్లినప్పుడు సొంత ఐపీతోనే వెళ్తుంది. పేమెంట్ గేట్‌వేవాళ్లకో బ్యాంకువాళ్లకో వైట్‌లిస్ట్ కోసం వీఐపీ ఒక్కటే ఇచ్చి వస్తే ఏ కాల్ కూడా పోదు. మొదటి సర్వర్ ఐపీ మాత్రమే ఇస్తే ఇంకా ప్రమాదం: నెలల తరబడి అంతా బాగుంటుంది, ఫెయిలోవర్ (వీఐపీ రెండో సర్వర్‌కి మారడం) అయిన రోజే పేమెంట్లు ఆగిపోతాయి. రెండు సర్వర్ల ఐపీలూ ఇవ్వండి, మధ్యలో నాట్ ఉంటే రెండూ ఏ పబ్లిక్ ఐపీగా మారుతున్నాయో చూసి అది ఇవ్వండి.

డేటాబేస్ అయితే, క్లౌడ్ అయితే

ప్రాక్సీ సర్వర్లు ఇద్దరూ కాసేపు మాస్టర్లైనా కొంపలు మునగవు. డేటాబేస్ అలా కాదు. రెండు చోట్లా రాతలు పడితే ఆ డేటాని మళ్లీ కలపడం ఎవరి తరమూ కాదు. వీఆర్‌ఆర్‌పీకి కోరం (మెజారిటీ ఉన్నవాళ్లకే హక్కు) అనే ఆలోచనే లేదు. డేటాబేస్ వీఐపీని పేస్‌మేకర్ (సర్వీసులని సర్వర్ల మధ్య తిప్పే ప్రోగ్రాం), కోరోసింక్‌ల చేతికివ్వండి. ఫెన్సింగ్ (పలకని సర్వర్‌ని పవర్ తీసి పక్కకి నెట్టడం) తప్పనిసరిగా పెట్టండి, అందుకోసమే షీట్‌లో మేనేజ్‌మెంట్ ఐపీలు రాయించాను. ఇందాక వద్దన్న నేరు కేబుల్ ఇక్కడ రెండో లింక్‌గా పనికొస్తుంది. దానికి 172.16.50.0/30 లాంటి చిన్న సబ్‌నెట్ చాలు, గేట్‌వే అక్కర్లేదు.

క్లౌడ్‌లో పైన చెప్పిన టముకు పనిచేయదు. అమెజాన్ వీపీసీలో (వాళ్ల క్లౌడ్‌లో మీకిచ్చే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో) ఏ ఐపీ ఏ కార్డుదో వాళ్ల సిస్టమ్ నిర్ణయిస్తుంది, మీ ఆర్ప్‌ని అది పట్టించుకోదు. కీప్‌అలైవ్‌డీ మాస్టర్ అయినప్పుడు నడిచే నోటిఫై స్క్రిప్ట్‌లోంచి ఏపీఐని పిలిచి, సెకండరీ ప్రైవేట్ ఐపీని ఈ కార్డుకి మార్చమని అడగాలి, దానికి అనుమతి ముందే ఇచ్చి ఉంచాలి. ఇంకో చిక్కు: అక్కడ ఒక సబ్‌నెట్ ఒకే అవైలబిలిటీ జోన్‌లో (విడిగా ఉండే డేటా సెంటర్ల గుంపులో) ఉంటుంది. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో కూడా అంతే. కాబట్టి రెండు సర్వర్లని రెండు జోన్లలో పెడితే ప్రైవేట్ ఐపీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి రాదు. అక్కడ లోడ్ బ్యాలెన్సర్ తీసుకోవడమే మంచిది. అజూర్‌లోనూ దారి లోడ్ బ్యాలెన్సరే, దాని హెల్త్ ప్రోబ్ 168.63.129.16 నుంచి వస్తుంది, ఆ ఐపీని మీ ఫైర్‌వాల్‌లో ఆపకండి. అమెజాన్ సబ్‌నెట్లో మొదటి నాలుగు, చివరిది మొత్తం ఐదు అడ్రసులు వాళ్లవే, ప్లాన్ వేసేటప్పుడు వాటిని లెక్కలోంచి తీసేయండి.

చంపి చూడండి

పరీక్ష చేసే మెషీన్ వేరే సబ్‌నెట్లో ఉండాలి. అదే సబ్‌నెట్లో ఉన్న మెషీన్ టముకుని తానే వింటుంది, గేట్‌వే విన్నదో లేదో మీకు తెలియదు. బయటి మెషీన్ నుంచి వీఐపీకి 0.2 సెకనుకోసారి పింగ్ పెట్టి, ఇంకో విండోలో సైటు పేజీని ఆగకుండా తెరిపిస్తూ ఉండండి. ఆపై ఒక్కొక్కటీ చేయండి.

ముందు మాస్టర్‌లో కీప్‌అలైవ్‌డీని మర్యాదగా ఆపండి. సెకను లోపే మారాలి. తర్వాత హెచ్‌ఏప్రాక్సీని చంపండి, స్క్రిప్ట్ మూడుసార్లు చూసేంత సమయం పడుతుంది. తర్వాత ఒక కేబుల్ పీకండి, బాండ్ వల్ల వీఐపీ కదలకూడదు. రెండో కేబులూ పీకండి, ఇప్పుడు కదలాలి. చివరికి పవర్ తీసేయండి. అప్పుడు 18 పింగులు పోతే 3.6 సెకన్లు, అంటే లెక్క సరిపోయినట్టే. 30 సెకన్లు, నిమిషం పట్టిందంటే తప్పు కీప్‌అలైవ్‌డీలో లేదు, ఆర్ప్ దగ్గరుంది. గేట్‌వే టేబుల్ తీయించి చూడండి.

ఒక పరీక్ష అందరూ వదిలేస్తారు: కీప్‌అలైవ్‌డీని కిల్ మైనస్ 9తో చంపడం. అలా చస్తే వీఐపీని తీసేసే అవకాశం దానికి ఉండదు, ఐపీ పాత సర్వర్ మీద అలాగే అతుక్కుని ఉంటుంది, పక్క సర్వర్ కూడా పెట్టుకుంటుంది. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపేది) దాన్ని వెంటనే మళ్లీ లేపేలా రీస్టార్ట్ సెట్టింగు ఉందో లేదో ఈ పరీక్షతోనే తెలుస్తుంది. ఉబుంటులో అయితే నెట్‌ప్లాన్ అప్లై కొట్టి, వీఐపీ ఇంకా కార్డు మీద ఉందో లేదో చూడండి. తను పెట్టని అడ్రసుని ఊడగొట్టే అలవాటు ఆ నెట్‌వర్క్ సర్వీసుకి ఉంది.

అన్నీ అయ్యాక, ఏ పరీక్షకి ఎన్ని సెకన్లు పట్టిందో తేదీతో సహా షీట్‌లో వీఐపీ పక్కన రాయండి. నెట్‌వర్క్ టీము గేట్‌వేని గానీ స్విచ్‌ని గానీ మార్చిన ప్రతిసారీ రెండు కేబుళ్లూ పీకే పరీక్ష ఒక్కటైనా మళ్లీ చేయండి. మీ ఫైల్లో ఒక్క అక్షరం మారకపోయినా, కొత్త గేట్‌వే టముకు వింటుందో లేదో పాత అంకె చెప్పదు.